పెద్ద బండ్ల ఊరు

పెట్రోలు ధర పెరుగుతుంటే ఏ కంపెనీ అయినా పెట్రోలు తాగే భారీ బండిని మార్కెట్లోకి తెస్తుందా? జనరల్ మోటార్స్ తెచ్చింది. ఆ బండ్లను తయారుచేసిన జేన్స్‌విల్ అనే అమెరికా ఊరి కథ ఇది.

పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైతే మావయ్యో బాబాయో పార్కర్ పెన్ను బహుమతిగా ఇచ్చే రోజులు గుర్తున్నాయా? బాణం ఆకారంలో ఉండే దాని క్లిప్పు చొక్కా జేబులోంచి కనిపిస్తుంటే అదో దర్జా. ఆ పెన్ను పుట్టిల్లే జేన్స్‌విల్. విస్కాన్సిన్ రాష్ట్రంలో రాక్ నది ఒడ్డున ఉంది. 1888లో జార్జ్ పార్కర్ అనే టెలిగ్రాఫీ మాస్టారు అక్కడే పెన్నుల కంపెనీ పెట్టాడు. అయితే ఆ ఊరికి అన్నం పెట్టింది పెన్ను కాదు, బండి.

చికాగో నుంచి ఇంటర్‌స్టేట్ 90 మీద వాయవ్యంగా బయల్దేరితే రెండు గంటల ప్రయాణం. రాక్‌ఫర్డ్ దాటాక ఇల్లినాయిస్ సరిహద్దు, ఆ వెంటనే బెలాయిట్, తర్వాత జేన్స్‌విల్. దారికి అటూ ఇటూ మొక్కజొన్న, సోయా చేలు. జనాభా 65 వేలు... మన లెక్కన ఓ మోస్తరు మున్సిపాలిటీ. అధ్యక్షుడిగా ఎన్నిక కావడానికి ఏడాది ముందు, 1859లో అబ్రహాం లింకన్ బస చేసిన ట్యాల్‌మన్ ఇల్లు ఇప్పటికీ ఉంది. నది ఒడ్డున పార్కులు, చూడచక్కని బొటానికల్ గార్డెన్, గుట్ట మీద పాతకాలపు ఇళ్లు. పర్యాటకుడికి ఒక పూట సరిపోతుంది.

కానీ ఈ ఊరిని అర్థం చేసుకోవాలంటే నది వెంట దక్షిణం వైపు వెళ్లాలి. అక్కడ ఒకప్పుడు 48 లక్షల చదరపు అడుగుల ఫ్యాక్టరీ ఉండేది. అంటే 110 ఎకరాల కప్పు! 2017 చివర్లో దాన్ని అమ్మేశారు, తర్వాత రెండేళ్లలో నేలమట్టం చేశారు.

ట్రాక్టర్లతో మొదలై...

1919లో ఈ ఫ్యాక్టరీలో మొదట తయారైంది కారు కాదు, శాంసన్ ట్రాక్టర్. ఫోర్డు ట్రాక్టర్‌కి పోటీగా జనరల్ మోటార్స్ వేసిన ఎత్తు. అది పారలేదు. 1923లో షెవర్లే కార్లు మొదలుపెట్టారు. అక్కణ్నుంచి తిరిగి చూసుకోలేదు అందామంటే కుదరదు. ఎందుకంటే 1932లో, మహా మాంద్యం రోజుల్లో ఫ్యాక్టరీ మూతపడింది. మరుసటి ఏడాది చివర్లో మళ్లీ తెరిచారు. 1937 జనవరిలో కార్మికులు లోపలే కూర్చుని సమ్మె చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో కార్లు ఆపి ఫిరంగి గుండ్లు చేశారు. 1967లో జనరల్ మోటార్స్ అమెరికాలో చేసిన పదికోట్లవ బండి బయటికొచ్చింది ఈ గేటులోంచే. 1970ల చివర్లో ఇక్కడ పనిచేసేవాళ్లు 7 వేల పైమాటే.

తండ్రి పనిచేసిన లైనులోనే కొడుకు, అదే ఫ్యాక్టరీలో కోడలు. హైస్కూలు చదువుతో చేరినవాడికి కూడా చివరి రోజుల్లో గంటకు 28 డాలర్లు. ఇల్లు, రెండు కార్లు, సెలవుల్లో ఓ పడవ, పిల్లల కాలేజీ ఫీజులు అన్నీ అందులోనే. ఊళ్లో సీట్లు కుట్టే లియర్ కంపెనీ, సరుకు మోసే లారీలవాళ్లు, షిఫ్టు దిగినవాళ్లు ఆగే కాఫీ హోటళ్లు... అందరికీ ఆ గేటే ఆధారం.

ఈ ఫ్యాక్టరీ చిన్న కార్లు కూడా చేసిందన్న సంగతి చాలామందికి గుర్తుండదు. 1980ల్లో షెవర్లే కావలియర్ ఇక్కడి లైను మీద నడిచింది. తర్వాత కంపెనీ దృష్టి మారింది. 1990ల నుంచి జేన్స్‌విల్ అంటే టాహో, సబర్బన్, యూకాన్. అన్నీ భారీ ఎస్‌యూవీలే.

ఎంత భారీ అంటారా? మన ఇన్నోవా పక్కన టాహోని నిలబెడితే దాదాపు మూరెడు పొడవు ఎక్కువ. బరువు రెండున్నర టన్నులు. సబర్బన్ దానికన్నా ఇంకో మూరెడు పొడుగు. మైలేజీ లీటరుకి ఏడు కిలోమీటర్ల దగ్గర. మన ఇంట్లో అయితే ఆ మాట వినగానే కాళ్లు బారజాపేస్తాం. అమెరికావాళ్లు అప్పట్లో పట్టించుకోలేదు. ఎందుకు పట్టించుకోవాలి? 1999 ఫిబ్రవరిలో గ్యాలన్ పెట్రోలు డాలరు కూడా లేదు. గ్యాలన్ అంటే 3.8 లీటర్లు. మంచినీళ్ల సీసా కన్నా చవక!

ప్రభుత్వమూ తన వంతు సాయం చేసింది. 1975లో తెచ్చిన చట్టం కింద కంపెనీలు తమ బండ్ల సగటు మైలేజీ కొంత ఉండేలా చూసుకోవాలి. 1990ల చివరికి కార్లకు ఆ లెక్క గ్యాలన్‌కు 27.5 మైళ్లు. ట్రక్కులకు మాత్రం 20.7 మైళ్లు చాలు. రైతులు, వడ్రంగులు, కూలిపనివాళ్లు వాడుకునేవి కదా అన్న దయ. పికప్ ట్రక్కు చట్రం మీదే నాలుగు తలుపులు, మూడు వరుసల సీట్లు, తోలు కవర్లు వేసి చేసిన ఎస్‌యూవీ కూడా చట్టం దృష్టిలో ట్రక్కే. 2003లో ఇంకో వరం. చిన్న వ్యాపారాలవాళ్లు 6 వేల పౌన్లు దాటిన బండి కొంటే లక్ష డాలర్ల దాకా పన్ను లెక్కలో తీసేసుకోవచ్చు అన్నారు. డాక్టర్లు, ఇళ్ల బ్రోకర్లు షోరూములకు క్యూ కట్టారు. గోల గోలయ్యాక 2004 అక్టోబరులో ఎస్‌యూవీల వరకు ఆ పరిమితిని 25 వేలకు దించారు.

తేవాలా... వద్దా?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2005. జనరల్ మోటార్స్ పరిస్థితి బాగాలేదు. ఆ ఏడాది నష్టం వెయ్యి కోట్ల డాలర్ల పైనే. చేసే ప్రతి బండి మీదా ఉద్యోగుల, పెన్షనర్ల వైద్యం ఖర్చు సుమారు 1,500 డాలర్లు పడుతోందని కంపెనీ పెద్ద రిక్ వాగనర్ తరచూ చెప్పేవాడు. పది పన్నెండు వేల డాలర్ల చిన్న కారు మీద అంత ఖర్చు వేస్తే మిగిలేదేముంది? అదే భారీ ఎస్‌యూవీ అయితే ఒక్కోదానిమీద పదివేల డాలర్ల దాకా లాభం అని అప్పటి పత్రికలు రాసేవి.

కంపెనీ చేతిలో కొత్త టాహో, సబర్బన్ డిజైన్లు సిద్ధంగా ఉన్నాయి. పెట్రోలు చూస్తే పెరుగుతోంది. 2002 ఆరంభంలో గ్యాలన్ 1.10 డాలర్లు. 2005 వసంతానికి రెండు డాలర్లు దాటింది. తేవాలా, ఆపాలా? జనరల్ మోటార్స్ ఆపలేదు సరికదా, వేగం పెంచింది. కొత్త కార్ల ప్రాజెక్టు ఒకదాన్ని వెనక్కి నెట్టి, ఇంజినీర్లను ఎస్‌యూవీల మీదకు మళ్లించింది.

ఆగస్టు నెలాఖరులో కత్రినా తుపాను వచ్చింది. గల్ఫ్ తీరంలో చమురు శుద్ధి కర్మాగారాలు ఆగిపోయాయి. సెప్టెంబరులో గ్యాలన్ మూడు డాలర్లు దాటింది. నాలుగు నెలలు తిరక్కుండానే, 2006 జనవరిలో కొత్త టాహో షోరూముల్లో నిలబడింది.

మూర్ఖత్వం అని తేలిగ్గా అనేయొచ్చు. చాలామంది అన్నారు కూడా. నాకైతే అంత సులువుగా అనాలనిపించదు. కొత్త బండి ఒకటి కాగితం మీద మొదలై షోరూముకి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అచ్చులు, యంత్రాలు, విడిభాగాల కాంట్రాక్టులు అన్నీ అయిపోయాక ఆపితే ఆ డబ్బంతా నీళ్లలో పోసినట్టే. పాత మోడల్‌ని అలాగే ఉంచితే అమ్మకాలు ఇంకా పడిపోతాయి. పైగా కొత్త టాహో పాతదానికన్నా కాస్త తక్కువే తాగుతుంది. పెట్రోలు ధర వచ్చే ఏడాది ఎలా ఉంటుందో సౌదీ రాజుకే తెలియదు. డెట్రాయిట్‌లో కూర్చున్నవాళ్లకేం తెలుస్తుంది? మొదట్లో పందెం గెలిచినట్టే కనిపించింది. 2006లో టాహోలు లక్షా అరవై వేలు అమ్ముడయ్యాయి.

తప్పు బండిని తేవడంలో లేదు. అది పోతే పక్కన ఇంకోటి లేకపోవడంలో ఉంది. అదే పందెం టయోటా కూడా కాసింది. భారీ టండ్రా పికప్ కోసమే టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో కొత్త ఫ్యాక్టరీ కట్టి 2006 నవంబరులో తెరిచింది. 2008లో ధర మండిపోయినప్పుడు ఆ లైనునీ ఆపాల్సి వచ్చింది. ఆగస్టు నుంచి మూడు నెలలు ఒక్క బండీ చేయలేదు. కానీ కార్మికుల్ని పంపించేయలేదు. జీతాలిస్తూ శిక్షణ ఇచ్చింది, ఫ్యాక్టరీ పనులు చేయించింది. చేతిలో డబ్బుంది, షోరూములో ప్రియస్, కరోలా ఉన్నాయి. జేన్స్‌విల్‌కి ఆ రెండూ లేవు.

2008: నాలుగు డాలర్లు

ఫిబ్రవరి 12న జనరల్ మోటార్స్ 2007 సంవత్సరానికి 3,870 కోట్ల డాలర్ల నష్టం ప్రకటించింది. ఆ మర్నాడే ఎన్నికల ప్రచారంలో ఉన్న బరాక్ ఒబామా జేన్స్‌విల్ ఫ్యాక్టరీకి వచ్చారు. కొత్తరకం బండ్లకు మారడానికి ప్రభుత్వం అండగా నిలిస్తే ఈ ఫ్యాక్టరీ ఇంకో వందేళ్లు ఉంటుందని చెప్పారు. కార్మికులు చప్పట్లు కొట్టారు.

వందేళ్లు కాదు, వంద రోజులు దాటి పది పన్నెండు రోజులైంది అంతే. జూన్ 3న డెలావేర్‌లో వాటాదార్ల సమావేశం. ట్రక్కులు, ఎస్‌యూవీలు చేసే నాలుగు ఫ్యాక్టరీలను మూసేస్తున్నట్టు వాగనర్ ప్రకటించాడు. ఒహాయోలో మొరైన్, కెనడాలో ఓషావా, మెక్సికోలో టొలూకా, నాలుగోది జేన్స్‌విల్. పెట్రోలు ధరలో వచ్చిన మార్పు తాత్కాలికం కాదు, ఇక ఇంతే అన్నది కంపెనీ వాదన. అంతకు ముందు నెలలోనే అమెరికాలో చాలాకాలంగా జరగనిది జరిగింది. ఏళ్ల తరబడి నంబర్ వన్‌గా ఉన్న ఫోర్డు పికప్‌ని హోండా సివిక్ అమ్మకాల్లో దాటేసింది.

జులైలో గ్యాలన్ 4.11 డాలర్లు. ముడి చమురు పీపా 147 డాలర్లు. మన లెక్కలో చూస్తే అప్పటి మారకం ప్రకారం లీటరు 47 రూపాయలలోపే. ఆ రోజుల్లో ఢిల్లీలో మనం 50 రూపాయలు దాటించి కొంటున్నాం! మరి వాళ్లకెందుకంత గగ్గోలు? టాహో ట్యాంకు నిండాలంటే 26 గ్యాలన్లు పట్టాలి. ఆరేళ్ల కిందట 29 డాలర్లకు నిండిన ట్యాంకు ఇప్పుడు 107 డాలర్లు మింగుతోంది. ఏడాదికి 15 వేల మైళ్లు తిరిగే కుటుంబానికి వెయ్యి డాలర్ల ఖర్చు 3,850కి ఎగబాకింది. పాలు తేవాలన్నా బండి తీయాల్సిన దేశంలో ఈ లెక్క నేరుగా వంటింట్లోకి వచ్చేస్తుంది. ఆ ఏడాది టాహో అమ్మకాలు తొంభై వేల చిల్లరకు పడిపోయాయి. పడిపోవడానికి పెట్రోలు సగం, సెప్టెంబరు తర్వాత వచ్చిన బ్యాంకుల సంక్షోభం సగం.

డిసెంబరు 23. క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు. బయట మంచు. చివరి బండి ఒక నల్ల టాహో. దాని చుట్టూ మూగి ఫొటోలు దిగారు. అప్పటికి మిగిలిన దాదాపు 1,200 మంది ఇళ్లకు వెళ్లిపోయారు. ఇసుజుతో కలిసి చేసే ట్రక్కుల చిన్న లైను మాత్రం తర్వాతి ఏప్రిల్ దాకా నడిచింది.

ఇక్కడే కడుపు మండే సంగతి ఒకటుంది. ఆ వారంలో అమెరికాలో గ్యాలన్ పెట్రోలు ఎంతో తెలుసా? 1.65 డాలర్లు! ‘ఇక ఇంతే’ అన్న ధర ఆరు నెలలైనా నిలవలేదు.

పార్కర్ హైస్కూల్లో ఒక గది

2009 మార్చిలో ఆ జిల్లాలో నిరుద్యోగం 13 శాతం దాటింది. సీట్ల కంపెనీ లియర్ ఫ్యాక్టరీతోపాటే మూతపడింది. పులి మీద పుట్రలా ఆగస్టులో పెన్నుల కంపెనీ కూడా ఊరికి దండం పెట్టింది. మిగిలిన నూట యాభై మంది పని మెక్సికోకి వెళ్తుందని ప్రకటించారు. 

బయటికి బాగానే కనిపించే ఇళ్లలో పిల్లలు సరిగ్గా తినకుండా బడికి వస్తున్నారని టీచర్లు గమనించారు. పెన్నుల పార్కర్ పేరు మీదే ఉన్న హైస్కూల్లో ఒక గదిని కేటాయించారు. అందులో వాడిన జీన్స్, బూట్లు, సబ్బులు, డబ్బాల్లో ఆహారం ఉంచారు. అవసరమైన పిల్లలు నలుగురి కంటా పడకుండా వచ్చి తీసుకెళ్లొచ్చు. దాని పేరు ‘పార్కర్ క్లాజెట్’. ఏడాది కిందటి దాకా క్రిస్మస్‌కి ఇతరులకు సరుకుల డబ్బాలు పంచిన ఊరు అది!

ఈ సంగతులన్నీ వాషింగ్టన్ పోస్ట్ విలేకరి ఏమీ గోల్డ్‌స్టీన్ ఏళ్లతరబడి అక్కడికి వెళ్లివచ్చి, 2017లో ‘జేన్స్‌విల్’ పేరుతో పుస్తకంగా రాశారు. ఆమె తేల్చిన ఒక విషయం చాలామందిని ఉలిక్కిపడేలా చేసింది. ఉద్యోగాలు పోయినవాళ్లు వందలమంది ప్రభుత్వ ఖర్చుతో బ్లాక్‌హాక్ టెక్నికల్ కాలేజీలో చేరారు. నలభై ఏళ్ల వయసులో కంప్యూటర్ ఆన్ చేయడం దగ్గర్నుంచి నేర్చుకున్నారు. తీరా చూస్తే అలా చదివినవాళ్ల సంపాదన, చదవనివాళ్ల కన్నా తక్కువ! ఊళ్లో ఉద్యోగాలే లేనప్పుడు సర్టిఫికెట్లు ఏం చేస్తాయి?

కొందరు ఇంకో దారి పట్టారు. జనరల్ మోటార్స్‌కే చెందిన వేరే ఊళ్ల ఫ్యాక్టరీల్లో ఖాళీలుంటే వెళ్లొచ్చు. ఇండియానాలోని ఫోర్ట్ వేన్ 450 కిలోమీటర్లు. టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్ 1,600 కిలోమీటర్లు. ఇల్లు అమ్ముదామంటే కొనేవాడు లేడు, పిల్లల చదువులు మధ్యలో ఉన్నాయి. అందుకని భార్యాపిల్లల్ని జేన్స్‌విల్‌లోనే ఉంచి మగవాళ్లు వెళ్లారు. నలుగురైదుగురు కలిసి ఓ గది. శుక్రవారం షిఫ్టు దిగాక రాత్రంతా కారు నడిపి ఇంటికి, ఆదివారం మళ్లీ తిరుగు ప్రయాణం. వాళ్లకు వాళ్లే ‘జేన్స్‌విల్ జిప్సీలు’ అని పేరు పెట్టుకున్నారు. దుబాయ్‌కి, కువైట్‌కి మనుషుల్ని పంపిన కరీంనగర్, కడప జిల్లాల ఇళ్లకు ఈ బతుకు ఒకరు చెప్పక్కర్లేదు.

చిత్రం ఏమిటంటే ఆర్లింగ్టన్ వెళ్లినవాళ్లు చేసింది కూడా టాహోలే, సబర్బన్లే. బండి చావలేదు. అది చేసే చోటు ఒకటి తగ్గిందంతే.

చిన్న కారు కోసం పోటీ

2009 జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా పిటిషన్ వేసింది. ప్రభుత్వ సొమ్ముతో మళ్లీ లేచేటప్పుడు అమెరికాలోనే ఒక చిన్న కారు చేస్తామంది. మూతపడ్డ ఫ్యాక్టరీల్లో ఒకదానికి ఆ అదృష్టం. పోటీలో మిగిలినవి మూడు... టెనెసీలో స్ప్రింగ్ హిల్, మిషిగన్‌లో ఒరాయన్, జేన్స్‌విల్. విస్కాన్సిన్ ప్రభుత్వం 19.5 కోట్ల డాలర్ల రాయితీలతో ముందుకొచ్చింది. మిషిగన్ అంతకు ఎన్నో రెట్లు ఇవ్వజూపింది. జూన్ నెలాఖరులో ఒరాయన్ పేరు ప్రకటించారు.

అయినా జేన్స్‌విల్ ఫ్యాక్టరీని పూర్తిగా మూసినట్టు చెప్పలేదు. ‘స్టాండ్‌బై’ అన్నారు. అంటే గిరాకీ వస్తే తెరుస్తాం అని. ఆ ఒక్క మాట పట్టుకుని ఊరు ఏడేళ్లు ఎదురుచూసింది. ఈ ఊరివాడే అయిన పాల్ రయన్ 2012లో రిపబ్లికన్ల ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఆ మూతపడ్డ గేటును తన ప్రసంగంలోకి తెచ్చాడు. 2015లో యూనియన్‌తో కుదిరిన ఒప్పందంలో ‘శాశ్వతంగా మూసివేత’ అని రాశారు. అప్పుడు గానీ ఆశ వదులుకోలేదు.

ఇప్పుడు ఊళ్లో ఉద్యోగాలు లేవని అనలేం. 2017లో డాలర్ జనరల్ అనే చవక దుకాణాల కంపెనీ పెద్ద గోదాము తెరిచింది. మొదట్లో గంటకు పదిహేను, పదహారు డాలర్లు. 28 డాలర్లు చూసినవాళ్లకు అదెలా అనిపిస్తుందో వేరే చెప్పాలా?

ఆర్లింగ్టన్ మాత్రం వెలిగిపోతోంది. 2022 జూన్‌లో అమెరికాలో గ్యాలన్ సగటు ధర ఐదు డాలర్లు దాటింది. 2008 నాటి రికార్డు చెరిగిపోయింది. అయినా ఆ ఫ్యాక్టరీ లైను ఆగలేదు.

పోటీలో గెలిచిన ఒరాయన్ సంగతి? అక్కడ చేసిన చిన్న కారు పేరు సోనిక్. కొనేవాళ్లు తగ్గిపోవడంతో 2020లో ఆపేశారు. తర్వాత బోల్ట్ అనే విద్యుత్ కారు ఒక్కటే మిగిలింది, అదీ 2023 చివర్లో ఆగింది. విద్యుత్ పికప్‌లు చేస్తామని ఫ్యాక్టరీని మార్చడం మొదలుపెట్టి వాయిదాలు వేస్తూ వచ్చారు. 2025 జూన్‌లో జనరల్ మోటార్స్ కొత్త నిర్ణయం చెప్పింది. 2027 ఆరంభం నుంచి ఒరాయన్‌లో పెట్రోలు పికప్‌లతోపాటు భారీ ఎస్‌యూవీలు తయారవుతాయట. అవును, ఒకప్పుడు జేన్స్‌విల్‌లో చేసిన కోవ బండ్లే. జేన్స్‌విల్‌లో మాత్రం ఆ పని మొదలుపెడదామన్నా లైను లేదు, కప్పు లేదు.